మిక్సీకి కార్బన్లు: కంచరపాలెం మెట్టు దగ్గర షాపు

బోర్డు కూడా సరిగా కనపడని, మోటార్లకి తీగ చుట్టే రివైండింగ్ షాపు ఇది. మా మిక్సీ తిరిగితే చాలు, అడుగున నీలం రవ్వలు, మాడు వాసన. వేరేచోట చూపిస్తే "ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్ట) పోయింది, కొత్తది కొనుక్కోండమ్మా" అనేశారు. ఈయన మూత విప్పి కార్బన్లు, అంటే మోటారు తిరిగే భాగానికి ఆని కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు, లాగారు. ఒకటి సగముంది, రెండోది గోరంత.

"స్ప్రింగు వదులైందమ్మా. కార్బన్ సరిగా ఆనకపోతే రవ్వలు, రవ్వలొస్తే ఇంకా అరుగుదల." మరీ గట్టిగా నొక్కినా అరుగుతుందట.

కమ్యుటేటర్ (కార్బన్లు ఆనే గుండ్రటి రాగి భాగం) చాక్లెట్ రంగులో ఉంటే మురికనుకుని గీకెయ్యమన్నాను. నవ్వారు. రాగి ఆక్సైడు, గ్రాఫైటు కలిసిన ఆ పొరే కార్బన్‌ని కాపాడేదట. అది నిలవడానికి గాలిలో తేమ కావాలి. మన వైజాగ్‌లో దానికేం లోటు!

స్ప్రింగులతో సహా రెండు కార్బన్లూ జతగా మార్చారు. సన్న గరుకు కాగితంతో కొసలకి కమ్యుటేటర్ ఒంపు తెచ్చారు, ఎమెరీ కాగితం మాత్రం వాడొద్దన్నారు. నల్లపొడి దులిపారు. మొత్తం 120 రూపాయలు.

మూడు వారాలుగా మినప్పప్పు రుబ్బుతున్నాను, మాడు వాసన లేదు. ఒంటిగంటకి షట్టర్ దించితే నాలుగింటికి గానీ తియ్యరు, అదొక్కటే విసుగు. బండి పెట్టే చోటూ లేదు.