లెవెల్సా, కర్వ్సా, కలర్ బ్యాలెన్సా: నల్లరాతికీ తెల్లగిత్తకూ ఏది మేలు?

ఒంగోలులో డిజైనింగ్ పని చేసుకునే నా దగ్గరకు ఏడాది పొడవునా రెండు రకాల ఫొటోలు వస్తుంటాయి. మొదటివి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ స్లాబులవి. నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరిసే ఆ రాయిని దూరదేశపు కొనుగోలుదారు ముందుగా కేటలాగులోనే చూస్తాడు కాబట్టి, అందులో నలుపు బూడిదగా మారినా, చుక్కలు మసకబారినా రాయికి ఉన్న విలువ కాగితం మీద కనిపించదు. రెండోవి బండలాగుడు పోటీల ఫ్లెక్సీల కోసం రైతులు ఫోనులో తీసి పంపే ఒంగోలు గిత్తల ఫొటోలు. మొదటిదానిలో చూడవలసినదంతా చీకటి అంచున ఉంటుంది, రెండోదానిలో వెలుగు అంచున ఉంటుంది. ఫొటోషాప్‌లోనూ, ఉచితంగా దొరికే గింప్‌లోనూ వెలుగునూ రంగునూ దిద్దడానికి ఉన్న పరికరాలలో ఏది మేలో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు దొరకలేదు.

బ్రైట్‌నెస్–కాంట్రాస్ట్ సంగతి ముందుగానే చెప్పి పక్కన పెడతాను. 2007లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్3కి ముందు ఆ పరికరం ప్రతి పిక్సెల్‌నూ ఒకే మేర పైకో కిందకో జరిపేది, దానివల్ల తెలుపు అంచునో నలుపు అంచునో వివరం తెగిపోయేది. ఇప్పటి రూపం అంత మొరటుది కాకపోయినా, ఏ భాగం ఎంత కదిలిందో మనకు చూపించదు. అసలు పోటీ లెవెల్స్‌కూ కర్వ్స్‌కూ మధ్యనే ఉంది, రంగు విషయానికి వస్తే కలర్ బ్యాలెన్స్ కూడా అందులో చేరుతుంది.

లెవెల్స్‌లో పనిచేసే మీటలు ప్రధానంగా మూడు: ఎడమ చివర నలుపుది, కుడి చివర తెలుపుది, నడుమ 1.00 దగ్గర నిలిచి ఉండే మధ్యఛాయలది. 8 బిట్ల ఫొటోలో ఒక్కో రంగు ఛానెల్‌కు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలలో ఒక్కోదానికి, పూర్తి చీకటి అయిన 0 నుంచి పూర్తి వెలుగు అయిన 255 వరకు 256 మెట్లు ఉంటాయి. చివరి మీటలు ఆ మెట్లలో ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలో నిర్ణయిస్తే, నడుమ మీట మిగిలినవాటన్నిటినీ ఒక్క వంపుతో పైకో కిందకో లాగుతుంది. దాని బలమూ బలహీనతా ఆ ఒక్క వంపులోనే ఉన్నాయి. గ్రానైటు ఫొటోనే తీసుకుందాం. నేను దిద్దే స్లాబుల ఫొటోలలో రాతి నలుపు 25 దగ్గర, చుక్కలు 150 దగ్గర ఉంటాయనుకోండి. చుక్కలకు మెరుపు తేవాలని నడుమ మీటను 1.20కి జరిపితే 150 కాస్తా సుమారు 164 అవుతుంది, కానీ దాంతోపాటే 25 కూడా 37కి ఎక్కి, రాయి దుమ్ము పట్టినట్టు తేలిపోతుంది. అప్పుడు నలుపు మీటను 12 వరకు లోపలికి తెస్తే 25 తిరిగి 22 దగ్గరకు దిగుతుంది, చుక్కలు 159 దగ్గర నిలుస్తాయి. చూడటానికి ఇది సర్దుబాటుగానే కనిపిస్తుంది కానీ, 12కు దిగువన ఉన్న ప్రతి పిక్సెల్ పూర్తి నలుపులో కలిసిపోతుంది. పాలిష్ చేసిన రాతిలో లోతు కనిపించేది ఆ అడుగు మెట్ల మధ్య ఉన్న సన్నని తేడాల వల్లనే కాబట్టి, వాటిని పోగొట్టుకున్న స్లాబు నల్లరంగు పూసిన రేకులా ఉంటుంది.

అదే పనిని కర్వ్స్‌లో చేసేటప్పుడు మూలకు మూల వాలుగా సాగిన గీత మీద (అడ్డంగా పాత మెట్టు, నిలువుగా కొత్త మెట్టు) మొదట 25 దగ్గర ఒక చుక్క పెట్టి, దాన్ని 25 దగ్గరే ఉంచుతాను. తరువాత 150 దగ్గర మరొక చుక్క పెట్టి 170కి ఎత్తుతాను. రెండు చుక్కల నడుమ గీత మెత్తగా వంగడం వల్ల మొదటి చుక్కకు దిగువన అది కొంచెం కుంగే అవకాశం ఉంటుంది, కనుక 10 దగ్గర ఇంకొక చుక్కను కట్టుగొయ్యలా పాతుతాను. కర్వ్స్ గురించి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే: దాని గొప్పతనం కదపడంలో కంటే కదలకుండా పట్టి ఉంచడంలో ఉంది. చాలామంది కర్వ్స్ తెరవగానే ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా వంచి ఫొటో చురుకెక్కిందని సంతోషిస్తారు. అంతవరకే అయితే లెవెల్స్‌తోనూ దాదాపు ఆ ఫలితమే వస్తుంది, రెండు పరికరాలకూ తేడా లేదనే అభిప్రాయం కూడా అక్కడే పుడుతుంది. గింప్‌లో లెవెల్స్ కిటికీలోని సెట్టింగులను కర్వ్స్‌గా మార్చి చూపే బటన్ ఒకటి ఉంది. దాన్ని నొక్కి చూస్తే, లెవెల్స్ చేసే ప్రతి పనీ కర్వ్స్‌లో ఒక గీతగా గీయవచ్చునని, కర్వ్స్‌లోని ప్రతి గీతనూ లెవెల్స్ గీయలేదని కళ్ళ ముందే తెలుస్తుంది.

గిత్తల ఫొటోలకు వస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. ఒంగోలు జాతి గిత్త ఒళ్ళు తెల్లగా ఉన్నా, తల, మెడ, మూపురం మీద ముదురు బూడిద ఛాయ ఉంటుంది. బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతోనే నెలోరెగా పిలుస్తున్న పశువులకు మూలమైన ఈ జాతిని ఎరిగినవారు ఫొటోలో మొదట చూసేది మూపురాన్నీ గంగడోలునూ. మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలో ఒంటి తెలుపు 215 నుంచి 245 మెట్ల మధ్య ఇరుకుగా ఒదిగి, కండరాల మడతలు కనిపించకుండా పోతాయి. లెవెల్స్‌లో నడుమ మీటను 0.80కి దించితే 215 సుమారు 206కు దిగి తెలుపులో కొంత మడత తేలుతుంది, కానీ 60 దగ్గర ఉన్న మూపురం ఛాయ 42కు పడిపోయి, బూడిద రంగు కాస్తా నల్లమచ్చగా మారుతుంది. కర్వ్స్‌లో మాత్రం 60ని 60 దగ్గరా, 245ను 245 దగ్గరా కట్టివేసి, 215ను 200కు దించవచ్చు. 215కూ 245కూ మధ్య ఉన్న 30 మెట్ల దూరం 45 మెట్లకు విస్తరించి, మెడ కింద వేలాడే గంగడోలు మడతలు ఒకటొకటిగా విడివడతాయి.

అయితే ఈ లాభం ఊరికే రాలేదు. గీత ఎక్కడ నిటారుగా ఉంటే అక్కడ తేడాలు పెరుగుతాయి, ఎక్కడ చదునుగా ఉంటే అక్కడ తగ్గుతాయి. మొత్తం మెట్లు 256కు మించి లేవు కాబట్టి, తెలుపులో నిటారు చేసినందుకు 60కీ 215కూ మధ్య గీత చదును కాక తప్పదు. గిత్త వెనుక ఉన్న జనం, పచ్చిక, షామియానా ఆ నడుమ మెట్లలోనే ఉంటాయి కనుక అవి కొంత మందకొడిగా అవుతాయి. ఫ్లెక్సీలో అది నష్టం కాదు, పైగా గిత్త మీద చూపు నిలుస్తుంది. కానీ అదే ఫొటోలో పగ్గం పట్టుకున్న యజమాని ముఖం కూడా స్పష్టంగా ఉండాలంటే, ఒకే గీతతో ఇద్దరినీ మెప్పించాలని చూడకుండా, దిద్దుబాటు ముఖం వరకే పడేలా వేరుగా మాస్క్ పెట్టుకోవడమే మంచిది. ఎండకు 255 దగ్గర పూర్తిగా తెల్లబోయిన చోట వివరాన్ని ఏ పరికరమూ తిరిగి తేలేదు.

రంగు సంగతి ఇంత తేలికగా తెగదు. ఆరుబయట నిలబెట్టిన పాలిష్ స్లాబు ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది కాబట్టి నలుపులో నీలి ఛాయ కలుస్తుంది. ఎరుపు 22, ఆకుపచ్చ 24 ఉన్నచోట నీలం 36 ఉండటం మామూలే. కలర్ బ్యాలెన్స్‌లో షాడోస్ (చీకటి ఛాయలు) ఎంచుకుని పసుపు వైపు మీటను జరిపితే ఆ నీలం తగ్గుతుంది, పైగా మీట చివర్లలో నీలం, పసుపు అని పేర్లు రాసి ఉండటం వల్ల కొత్తగా నేర్చుకునేవారికి ఏ రంగుకు ఏది విరుగుడో కూడా తెలిసివస్తుంది. కానీ షాడోస్, మిడ్‌టోన్స్, హైలైట్స్ అనే మూడు భాగాల సరిహద్దులను సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది, అవి ఒకదానిమీద ఒకటి కొంత పరచుకుని ఉంటాయి కూడా. మీటను మరీ లాగితే నీలం తగ్గడంతోపాటు చుక్కల రంగూ పసుపుకు తిరుగుతుంది. బ్లాక్ గెలాక్సీ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చినవి, వాటిది కంచు కలిసిన బంగారు వన్నె, పసుపు కాదు. కర్వ్స్‌లో నీలం ఛానెల్ ఒక్కటే తెరిచి, 36ను 24కు దించి, రాతి చుక్కల స్థాయిలో గీత మీద మరొక చుక్క పెట్టి కట్టివేస్తే రాతి నేల నల్లబడుతుంది, చుక్కల వన్నె చెడదు. ఈ పనిలో నాకు కర్వ్స్ మీదనే నమ్మకం.

చీరల ఫొటోలలో మాత్రం ఆ నమ్మకం చెల్లదు. 2022కు ముందు నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న వెంకటగిరి నుంచి వచ్చే నేత చీరలకు, ఒడలి రంగును కదపకుండా అంచు రంగును మాత్రమే అసలుకు దగ్గరగా తేవలసిన అవసరం పడుతుంది. కర్వ్స్‌కు తెలిసింది వెలుగు మెట్టు మాత్రమే, రంగు పేరు దానికి తెలియదు. అంచూ ఒడలూ ఒకే వెలుగు మెట్టులో ఉంటే గీత రెండింటినీ కలిపి లాగుతుంది. అక్కడ రంగునూ దాని గాఢతనూ మార్చే హ్యూ–శాచురేషన్‌లో ఆ ఒక్క రంగును ఎంచుకుని దిద్దడమే సరైన దారి.

కర్వ్స్‌లో మరొక చిక్కు ఉంది. మూడు ఛానెళ్ళనూ కలిపి ఆర్‌జీబీ గీతను నిటారు చేసినప్పుడు వెలుగుతోపాటు రంగుల గాఢత కూడా పెరుగుతుంది. గిత్త కొమ్ములకు కట్టిన ఎర్ర కుచ్చులు మండిపోతున్నట్టు, యజమాని ముఖం ఎర్రబారినట్టు కనిపించడానికి కారణం తరచుగా ఇదే. ఫొటోను ముట్టకుండా దాని మీద పరిచే అడ్జస్ట్‌మెంట్ లేయరుగా కర్వ్స్ వేసి, ఆ పొర కింది ఫొటోతో కలిసే తీరును (బ్లెండ్ మోడ్) లుమినాసిటీకి మార్చితే రంగు ఉన్నచోటే ఉండి వెలుగు మాత్రమే మారుతుంది. 1996లో వచ్చిన ఫొటోషాప్ 4.0 నుంచీ ఈ లేయర్లు ఉన్నా, ఫొటో మీదనే నేరుగా దిద్ది సేవ్ చేసే అలవాటు మా వైపు షాపులలో ఇంకా పోలేదు. గింప్ వాడేవారికి 2025లో వచ్చిన 3.0తో మూలాన్ని చెరపకుండా దిద్దే సౌకర్యం వచ్చింది, డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేనివారికి ఇది చిన్న మేలు కాదు.

ప్రెస్‌కు పంపే ఫైళ్ళతో పనిచేసేవారు ఒక విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఫొటోషాప్‌లో ఆర్‌జీబీ ఫొటోకు గీతను పైకెత్తితే వెలుగు పెరుగుతుంది, ముద్రణకు వాడే నాలుగు ఇంకుల సీఎంవైకే ఫొటోకు మామూలుగా గీత ఇంకు శాతాన్ని చూపుతుంది కాబట్టి పైకెత్తితే ఫొటో ముదురుతుంది. తొలి రోజులలో నేను ఒక గ్రానైటు కేటలాగు కోసం ఆర్‌జీబీలో చేసుకున్న కొలతలను కాగితం మీద రాసుకుని, సీఎంవైకే ఫైలులో గీత మీది చుక్కలను అవే దిశలలో కదిపాను. తెర మీద తేడా కనిపిస్తున్నా, ముద్రణలో సర్దుకుంటుందని భ్రమపడి పంపాను. రాతి మెరుపు చుక్కలన్నీ ఇంకులో మునిగిపోయిన కాపీలు చేతికి వచ్చాయి, ఆ ఖర్చు నేనే భరించాను. కర్వ్స్ కిటికీలోనే గీతను వెలుగుగానో ఇంకుగానో చూపమని ఎంచుకునే వీలుంది. రెండు రకాల ఫైళ్ళకూ ఒకే పద్ధతి ఉంచుకున్నాక ఆ పొరపాటు మళ్ళీ జరగలేదు. లెవెల్స్‌లో నలుపు మీటకూ తెలుపు మీటకూ ఆ రంగులే వేసి ఉండటం వల్ల ఇలాంటి తికమక తక్కువ, అది దాని పక్షాన చెప్పుకోవలసిన మాట.

అందువల్ల పాస్‌పోర్టు ఫొటోలకూ, ఒకే వెలుగులో వరుసగా తీసిన పెళ్ళి ఫొటోలకూ నేను ఇప్పటికీ లెవెల్స్‌నే వాడతాను, పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకూ మొదట అదే చేతికిస్తాను. ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని చివరి మీటలను జరిపితే వివరం ఎక్కడ తెగిపోతోందో తెర మీద బయటపడుతుంది, ఆ చూపు అలవడిన తరువాత కర్వ్స్ నేర్పడం సులువు. స్లాబులకూ గిత్తలకూ మాత్రం కర్వ్స్ తప్ప మరొకటి వాడను. ఫొటోషాప్‌లో కర్వ్స్ తెరిచి ఉంచి, కంట్రోల్ కీ పట్టుకుని ఫొటోలో మూపురం మీద నొక్కితే ఆ మెట్టుకు సరిపడే చుక్క గీత మీద దానంతట అదే పడుతుంది. తరువాత మౌసు వదిలి, బాణం కీలతో ఒక్కొక్క మెట్టు కదుపుకోవచ్చు.

ఫోనులోని స్నాప్‌సీడ్‌లోనూ కర్వ్స్ ఉన్నాయి కానీ, చిన్న తెర మీద వేలు చుక్కను కప్పివేయడం వల్ల మెట్టు మెట్టుగా కదపడం కష్టం. పైగా ఫోనులో ఒకసారి బాగా వంచి సేవ్ చేసిన ఫొటో నా దగ్గరకు వచ్చేసరికి 8 బిట్లలో మెట్లు చెదిరి ఉంటాయి, దాన్ని నేను మళ్ళీ వంచితే గిత్త ఒంటి మీద చారలు పడతాయి. అందుకే ఫ్లెక్సీ కోసం ఫొటో పంపే రైతులను ఫోనులో ఏమీ దిద్దవద్దనీ, వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపమనీ, వీలైతే పొద్దెక్కకముందే గిత్తను నీడపట్టున నిలబెట్టి తీయమనీ అడుగుతున్నాను.