భూతద్దం కింద పదకొండేళ్లు: ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీతో నా అనుభవం

ఈ పుస్తకం నేను సరదాకి కొనలేదు, పరువు పోయి కొన్నాను. పాత ఇంగ్లిష్ వ్యాసాలు తెలుగు చేస్తుంటాను. ఒకసారి 18వ శతాబ్దపు రచయిత గురించి ఆ కాలం మనిషే రాసిన పరిచయం చేతికొచ్చింది. ఆయన శైలి 'నెర్వస్' అని ఉంది అందులో. 'తడబడుతూ, బెదురుతూ రాస్తాడు' అని రాసి పంపేశాను. ప్రూఫులు చూసే మాష్టారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, ముందు వాక్యంలో ఆకాశానికెత్తి, తర్వాత వాక్యంలో పిరికివాడంటాడా? ఆ మాటకి అప్పట్లో ఏం అర్థముందో చూశావా?"

చూడలేదు. నా దగ్గరున్న డిక్షనరీలో నరాలు, కంగారు, భయం, అంతే. సాయంత్రం వాళ్లింటికి వెళ్తే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ తీసి చూపించారు. నరమంటే ఒకప్పుడు బలమే. అందుకని నెర్వస్ శైలి అంటే బిగువైన రాత, సత్తువున్న రాత. 17వ శతాబ్దం నుంచి ఆ అర్థంలో ఎవరెవరు వాడారో వరసగా ప్రయోగాలు, ఒక్కోదానికీ సంవత్సరం. మనకి తెలిసిన కంగారు తర్వాతెప్పుడో వచ్చి చేరింది. 'బిగువైన శైలి' అని దిద్దుకుని ఇంటికొచ్చాను.

ఆ నెలలోనే అబిడ్స్ ఆదివారం బజార్లో 1971 నాటి కాంపాక్ట్ ఎడిషన్ కనపడింది. 13 సంపుటాల మేటరంతా, నాలుగేసి పేజీల్ని కుదించి ఒక్కో పేజీలోకి ఎక్కించి, రెండు లావుపాటి పుస్తకాలు చేశారు. అట్టపెట్టెకి పైన చిన్న సొరుగు, అందులో భూతద్దం ఉండాలి. నాకు దొరికిన సెట్టులో సొరుగుంది, అద్దం లేదు. "కళ్లజోడుంది కదా సార్" అన్నాడు అమ్మినాయన. కళ్లజోడు ఏ మూలకీ చాలదని ఇంటికొచ్చాక తెలిసింది.

పదాలెన్ని, పేజీలెన్ని అనే లెక్కలు నేను చెప్పక్కర్లేదు. నాకు నచ్చింది ఒక్కటే, ఆ సంవత్సరాలు. ఏ అర్థం ఎప్పుడు పుట్టింది, చచ్చిపోతే ఎప్పటిదాకా బతికింది, ప్రయోగాల తేదీలు చూస్తే తెలిసిపోతుంది. ఇప్పుడెవరూ వాడని అర్థం ముందు చిన్న బాకు గుర్తు వేస్తారు, సమాధి మీద శిలువలా ఉంటుంది. 'ప్రెజెంట్లీ' చూడండి. ఒకప్పుడు 'తక్షణం' అనే. వాడగా వాడగా 'కాసేపట్లో' అయింది. మనం 'ఇప్పుడే వస్తా' అని చెప్పి గంటకి వెళ్లమూ? పాత ఉత్తరాల్లో ఆ మాట తగిలినప్పుడల్లా ఏ కాలం ఉత్తరమో చూసుకుంటే తప్ప మనిషి వెంటనే బయల్దేరాడో, భోంచేసి బయల్దేరాడో తేలదు.

ఇంకోటి మీ బీరువాలోనే ఉంది. మన పాస్‌పోర్ట్ తెరవగానే రాష్ట్రపతి పేరుమీద ఉండే విన్నపంలో 'లెట్ ఆర్ హిండ్రెన్స్' లేకుండా పోనివ్వమని రాసుంటుంది. 'లెట్' అంటే పోనివ్వడం కదా, పోనివ్వడం లేకుండా పోనివ్వడమేమిటి అని నాకు చాన్నాళ్లు అర్థం కాలేదు. అది వేరే లెట్ అట. అడ్డంకి అని అర్థం. పుట్టుకలో రెండూ వేరు మాటలు, కాలక్రమంలో స్పెల్లింగ్ ఒకటైపోయింది. ఆ రాత్రి మా ఆవిడని లేపి మరీ చెప్పాను. పొద్దున చెప్తే వినేదాన్నిగా అంది.

ఇంత మురిసిపోయాక దెబ్బ తగిలింది, అదీ ఈ పుస్తకం దగ్గరే. పాత కోర్టు తీర్పొకటి అనువదిస్తున్నాను, 19వ శతాబ్దానిది. తన ముందున్నది 'నైస్ క్వశ్చన్' అన్నారు జడ్జి. మంచి ప్రశ్న కాదని అప్పటికి తెలుసు. చేతిలో పెద్ద డిక్షనరీ ఉందన్న ధీమాతో తీశాను. మొట్టమొదటి అర్థం 'తెలివితక్కువ'. లాటిన్‌లో 'తెలియనివాడు' అనే మాట నుంచి వచ్చిందట. అదే రాసేశాను. ఈసారి మాష్టారు ఊళ్లో లేరు, అచ్చయిపోయింది. జడ్జిగారు రెండు పేజీలు చర్చించిన ప్రశ్నని తానే తెలివితక్కువదన్నట్టు తయారైంది. సూక్ష్మమైన, తేల్చడానికి కష్టమైన ప్రశ్న అని ఆయన ఉద్దేశం.

తప్పు నాదే. ఇందులో అర్థాలు వాడుకని బట్టి కాదు, పుట్టిన వరసలో ఉంటాయి. పైనున్నది అన్నిటికంటే ముసలి అర్థం. దాని ప్రయోగాలు 16వ శతాబ్దంతో ఆగిపోయాయి, ముందు బాకు గుర్తు కూడా ఉంది. ఆ సన్నటి అచ్చులో దాన్ని సిరా మచ్చనుకున్నాను. అప్పట్నుంచి పైనుంచి చదవడం మానేశాను. ముందు నా కాగితం ఏ ఏడాదిదో చూసుకుని, ఆ ఏడాదికి దగ్గరి ప్రయోగం ఎక్కడుందో వెతికి, అక్కణ్ణుంచి అర్థంలోకి వెళ్తాను. కాబట్టి ఇందాక 'తెలిసిపోతుంది' అన్నాను చూడండి, అది ఓపిక ఉన్నవాళ్లకి.

ఇంకో సంగతి. నా సెట్టే పాతబడిపోయింది. కుదించి వేసింది 1971లోనే అయినా, లోపలున్న డిక్షనరీ మొదటి భాగం 1884లో వస్తే చివరిది 1928లో వచ్చింది. 'అపెండిసైటిస్' అందులో లేదు. అది మరీ వైద్యుల మాటని వదిలేశారు. తీరా 1902లో ఇంగ్లండ్ రాజు ఏడో ఎడ్వర్డ్‌కి అదే వచ్చి పట్టాభిషేకం వాయిదా పడింది. ఆ మాట కావాలంటే రెండో పుస్తకం చివర్లో ఉన్న అనుబంధంలో వెతుక్కోవాలి. మన 'పందికొక్కు' మాత్రం 'బాండికూట్' అయి దర్జాగా 'బి'లో కూర్చుంది, పక్కనే తెలుగు నుంచి వచ్చిందని రాసి మరీ.

కొనమంటారా అంటే చెప్పలేను. నాది పాత కాగితాలతో పని. ఇవాళ్టి నవలలు చదువుకునేవాళ్లకి ఇది బీరువా బరువు. ఆన్‌లైన్‌ది ఎప్పటికప్పుడు దిద్దుతున్నారు, కానీ చందా నాకు ఎక్కువే. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉంటే ఊరికే చూడొచ్చు. మా అమ్మాయి అక్కడుంది కాబట్టి మరీ అనుమానం వస్తే అడుగుతాను, దానికి తీరిక దొరికిన ఆదివారం చూసి చెప్తుంది. మిగతా రోజులు ఈ రెండు పుస్తకాలే. పాత సెట్టు దొరికితే ముందు సొరుగు తెరిచి చూడండి. అద్దం ఉన్నా సరే, లైటుండే భూతద్దం ఇంకోటి తెచ్చుకోండి, బాకు గుర్తులు కనపడాలంటే అదే దిక్కు.