పిస్టల్ షూటింగ్ బూట్లు: మూడేళ్లు వాడాక

ఎయిర్ పిస్టల్ మొదలుపెట్టిన కొత్తలో నా కాళ్లకు ఉన్నవి పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డులో నడకకు వేసుకునే రన్నింగ్ షూసే. దూదిలా మెత్తగా ఉండేవి. రేంజిలో ఆ మెత్తదనమే కొంప ముంచింది. మా కోచ్ నాకంటే పదేళ్లు చిన్నవాడు. రెండు రోజులు వెనక నిలబడి చూసి, "ఏం సార్, జాలారిపేటలో పడవెక్కి కాలుస్తున్నారా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. బూట్లు విప్పించి, వట్టి కాళ్లతో పది పెల్లెట్లు (ఎయిర్ పిస్టల్ గుళ్లు) కాల్చమన్నాడు. చిల్లులు కాస్త దగ్గరగా పడ్డాయి.

సంగతి ఇదీ. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం అడ్డం 11.5 మిల్లీమీటర్లు, అంటే సుమారు చొక్కా గుండీ అంత. మడమ కింద ఫోమ్ అణిగి లేస్తుంటే ఒళ్లు సన్నగా ఊగుతుంది. చీలమండ దాన్ని సర్దుతూనే ఉంటుంది, ఆ సర్దుబాటంతా చేతి చివర కనిపిస్తుంది. పైగా రన్నింగ్ షూస్‌లో చాలావాటికి మడమ ఎత్తు, వేళ్ల దగ్గర పల్లం. బరువు ముందుకు జారుతుంది.

చివరికి 9,500 రూపాయలు పెట్టి అసలైన పిస్టల్ బూట్లు తెప్పించాను. కంపెనీ పేరు అనవసరం. యూరప్ సైజు లెక్క తెలియక మొదటి జత బిగుతుగా వచ్చింది, తిప్పి పంపే ఖర్చు నాదే. మీరు సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, రేంజికి వేసుకునే సాక్సుతోనే కొలుచుకోండి.

మొదటి పదిహేను రోజులు మడమలు నొప్పెట్టాయి. ఈ బూట్ల అడుగు (సోల్) చదునుగా, గట్టిగా ఉంటుంది మరి. తర్వాత తేడా తెలిసింది, ముఖ్యంగా చివరి ఇరవై షాట్లలో. పోటీలో ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 60 షాట్లకు 75 నిమిషాలు, దానికి ముందు సిద్ధపడటానికి, గురి సరిచూసుకునే షాట్లకు (సైటింగ్) 15. గంటన్నర నిలబడాలి. ఇదివరకు నలభయ్యో షాటుకే నడుము పట్టేసేది, ఇప్పుడు లేదు. స్కోరు అయిదారు పాయింట్లు పెరిగింది. అంతా బూట్ల మహిమే అంటే అబద్ధం, ఆ ఏడాదే పిస్టల్ పిడి (గ్రిప్) కూడా నా చేతికి సరిపడేలా చెక్కించుకున్నాను.

విశాఖ తేమతోనే అసలు తలనొప్పి. రెండో వానాకాలం కుడి బూటు అడుగు ఊడింది. తప్పు బూటుది కాదు, నాదే. నెలల తరబడి పాలిథిన్ సంచిలో చుట్టి స్కూటీ డిక్కీలో పడేశాను, ఎండకి జిగురు మెత్తబడింది. చెప్పులు కుట్టే ఆయన 150 రూపాయలకు అతికించాడు. బాగానే అతికించాడు గానీ, నిలబడితే ఏదో తేడా. టీపాయ్ అద్దం మీద బూటు పెట్టి, అడుగు కింద బస్సు టికెట్టు తోసి చూశాను. మడమ బయటి అంచు దగ్గర సర్రున దూరిపోయింది, అంటే అక్కడ అడుగు చదునుగా ఆనడం లేదు. రెండు రోజులు బరువు పెట్టి ఉంచితే సర్దుకుంది. అప్పట్నుంచి రేంజి నుంచి రాగానే లోపల న్యూస్‌పేపర్ కుక్కి గాలికి పెడుతున్నాను. బయట వేసుకుని నడవను.

మనూ భాకర్ 2024లో పారిస్‌లో పతకాలు కొట్టాక పిల్లలు చాలామంది వస్తున్నారు. గాజువాక కుర్రాడొకడు బాస్కెట్‌బాల్ బూట్లతో పోటీకి వచ్చాడు, ఎక్విప్‌మెంట్ చెక్‌లోనే ఆపేశారు. పిస్టల్‌కు చీలమండ ఎముక కప్పే బూట్లు కుదరవు. ఎత్తు బూట్లు రైఫిల్ వాళ్లవి, వాటికీ కొలతలున్నాయి. వేళ్ల దగ్గర అడుగు మందం 10 మిల్లీమీటర్లు దాటకూడదు.

కొత్తగా చేరినవాళ్లు తొమ్మిది వేలు తగలెయ్యక్కర్లేదు. చదునైన గట్టి అడుగున్న కాన్వాస్ బూట్లు చాలు, ఏడాది హాయిగా నడుస్తాయి. కొట్లో మడమ మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, దిగబడితే వద్దు. డాబాగార్డెన్స్‌లో నేనలా నొక్కుతుంటే సేల్స్ కుర్రాడు "మామిడిపండు కాదు సార్" అని నవ్వాడు.

నా జత ఇంకా నడుస్తోంది. కానీ పోయిన ఆదివారం ఆ కుడి మడమ దగ్గర టికెట్టు మళ్లీ దూరింది. వానలు తగ్గాక కొత్తవి చూడాలి. ఈసారి మాత్రం అడుగు చుట్టూ కుట్టు ఉన్నవే తీసుకుంటాను.