వెట్ పాలెట్, ఒక చిల్లుకానీ: నరసాపురంలో మూడేళ్ల వాడకం

ఏప్రిల్‌లో మా నరసాపురంలో సీలింగ్ ఫ్యాను కింద కూర్చుని మినీకి, అంటే బల్ల మీద ఆటల్లో వాడే బుల్లి బొమ్మకి, రంగు వేసి చూడండి. పళ్లెంలో వేసిన రంగు చుక్క, బ్రష్ కడిగి తలెత్తేలోపు పెచ్చు కట్టేస్తుంది. పోనీ ఫ్యాను ఆపుదామంటే చెమట చుక్క వెళ్లి సరిగ్గా గాబ్లిన్ (కథల్లోని మరుగుజ్జు భూతం) బొమ్మ నెత్తిన పడుతుంది. ఈ బాధ పడలేకే మూడేళ్ల కిందట వెట్ పాలెట్ మొదలుపెట్టాను. మొదట ఇంట్లో చేసుకున్నది, తర్వాత కొన్నది, ఇప్పుడు మళ్లీ ఇంట్లో చేసుకున్నదే. ఈలోగా అరవై పైచిలుకు బొమ్మలు పూర్తయ్యాయి. వాటిలో సగం భీమవరంలో మా ఫ్రెండ్ ఇంట్లో ఆదివారాలు ఆడే డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ అనే సాహసకథల ఆట కోసం వేసినవే.

తెలియనివాళ్లకి ఒక్క ముక్క. గట్టిగా మూత పట్టే డబ్బా, అందులో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపర్. అంతే. కాగితం గుండా నీరు కొద్దికొద్దిగా పైకి ఊరుతూ అక్రిలిక్ రంగుని ఆరనివ్వదు. అక్రిలిక్ ఆరడమంటే అందులో నీరు ఎగిరిపోయి, మిగిలిన ప్లాస్టిక్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోవడం. అలా అతుక్కున్నాక ఎన్ని నీళ్లు పోసినా మళ్లీ కరగదు. అందుకే పళ్లెంలో ఎండిన రంగు దండగే.

28 మిల్లీమీటర్ల బొమ్మకి ముఖం కందిగింజంత ఉంటుంది. ఆ కందిగింజ మీద నీడ నుంచి వెలుగు దాకా నాలుగైదు ఛాయలు రావాలి. గాబ్లిన్ చర్మానికి ఆకుపచ్చలో కొంచెం పసుపు, ఇంకొంచెం పసుపు, చివర్లో ముక్కు కొనకి ఇంచుమించు మీగడ రంగు. ఈ మెట్లన్నీ వరసగా పాలెట్ మీద తడిగా ఉంటే వెనక్కీ ముందుకీ వెళ్లి అంచులు కలుపుకోవచ్చు. రాత్రి మూత పెట్టి, పొద్దున్న తీసినా అదే రంగు ఉంటుంది. మళ్లీ కలిపితే అదే ఛాయ రమ్మన్నా రాదు. నాకు దీనివల్ల జరిగిన అసలు మేలు ఇదే. రంగు ఆదా అవడం తర్వాత సంగతి.

కాగితం దగ్గర చాలా తిప్పలు పడ్డాను. మిఠాయి కొట్లో అడిగి తెచ్చుకున్న బటర్ పేపర్ వేస్తే కింద చెరువు, పైన ఎడారి. అది మైనం పూసిన కాగితం, నీటిని పైకి రానివ్వదు. కేకుల సామాను అమ్మే చోట దొరికే బేకింగ్ పార్చ్‌మెంట్ కావాలి. స్పాంజి కూడా అంట్లు తోమే నురుగు స్పాంజి పనికిరాదు. ఎండితే అట్టలా బిగుసుకుపోయి, తడిస్తే ఉబ్బే పలచటి సెల్యులోజ్ స్పాంజే వాడాలి.

కొన్న పాలెట్ చెడ్డదేం కాదు. స్పాంజి మెత్తగా, కాగితాలు సరైన కొలతకి కోసి వచ్చాయి. కానీ మూతని బిగించే ఎలాస్టిక్ మా ఉక్కకి ఏడాదిలోపే సాగిపోయింది. మూత వదులైతే వెట్ పాలెట్ ఎందుకు, సాసరే నయం. నాలుగు పక్కలా క్లిప్పులున్న లంచ్ బాక్స్‌లో అదే స్పాంజి పెట్టుకున్నాక మళ్లీ దాని వైపు చూడలేదు.

ఇక బూజు. ఎండాకాలం బాగానే గడిచింది. శ్రావణం వచ్చేసరికి స్పాంజికి నల్ల మచ్చలు, డబ్బా మూత తీస్తే మురిగిన వాసన. "ఏరా, రొయ్యల చెరువు తెచ్చి బల్ల మీద పెట్టావా?" అంది అమ్మ. రాగి ముక్క వేస్తే బూజు తగ్గుతుందని విని, పాత ఫ్యాను మోటారు తీగ చుట్టి వేశాను. ఏమీ మారలేదు. తర్వాత తట్టింది, ఆ తీగకి వార్నిష్ పూత ఉంటుంది, రాగి నీటికి తగిలితే కదా! అప్పుడు మామ్మ పెట్టెలోంచి 1943 నాటి చిల్లుకానీ ఒకటి అడిగి తీసుకున్నా. అది కంచుది, అంటే ఎక్కువ భాగం రాగే. చింతపండుతో తోమి స్పాంజి కింద పెట్టాను. వారానికే కంపు కొట్టే డబ్బా మూడు వారాలు నిలిచింది. పూర్తిగా పోదు, మధ్యలో ఒకసారి స్పాంజి ఉతకాల్సిందే. "చిల్లుకానీకి కొరగావు" అని నన్ను చిన్నప్పటి నుంచి తిట్టిన మామ్మకి ఈ సంగతి చెబితే నవ్వి ఊరుకుంది.

నీళ్ల సంగతీ చెప్పాలి. మా బోరు నీళ్లు ఉప్పు. అవి పోస్తే నల్లరంగు ఆరాక పైన తెల్లటి పొడలా తేలింది. ఇప్పుడు తాగే మినరల్ వాటరే పోస్తున్నా. వానాకాలంలో ఆ నీళ్లు కూడా తగ్గించాలి. స్పాంజిని నొక్కితే చుక్క రావాలి గానీ మడుగు కట్టకూడదు. లేకపోతే తెల్లారేసరికి రంగు మజ్జిగ తేటలా పలచబడి, బొమ్మ మీద వేస్తే మడతల్లోకి జారిపోతుంది.

వెండి, బంగారు రంగులు మాత్రం దీని మీద వేయకండి. మెరుపు రేణువులు నీటిలో విడిపోయి పక్క రంగుల్లోకి పాకుతాయి. నా మొదటి కత్తి వీరుడికి బుగ్గల మీద చమ్కీలు తేలి అచ్చం పెళ్లికొడుకులా తయారయ్యాడు. వాటికి ఒక తెల్ల టైల్ ముక్క చాలు. వాష్‌లు (నీడల కోసం పూసే నీళ్లలాంటి పలచటి రంగులు) కూడా అక్కడే, ఇక్కడ వేస్తే కాగితమంతా పారతాయి.

రంగుకి ముందు కొట్టే స్ప్రే ప్రైమర్, చివర్లో కొట్టే స్ప్రే వార్నిష్‌లకి మా గాలి తేమతో వచ్చే తంటా వేరు. దానికి పాలెట్ ఏం చేయలేదు. ముసురులో వార్నిష్ కొట్టి డ్రాగన్ మీద తెల్లటి మంచు పట్టించుకున్నాక, రెండూ బ్రష్‌తోనే పూస్తున్నా.

సాయంత్రాలు అమ్మ, నేను ఒకే టేబుల్ లైటు కింద కూర్చుంటాం. ఆవిడది లేసు అల్లిక, నాది గాబ్లిన్. పాలెట్ వచ్చాక బొమ్మల్లో తేడా మొదట కనిపెట్టింది ఆవిడే. "ఇదివరకు అంచులు కుట్టు తప్పినట్టు ఉండేవిరా, ఇప్పుడు కలుస్తున్నాయి" అంది. ముప్పై ఏళ్లుగా సూది కొనకి కళ్లప్పగించిన మనిషి మాట కాబట్టి దీనికి ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా. ఆ అర మార్కు బూజు ఖాతా.

మొన్న సంక్రాంతికి మామ్మ బొమ్మల కొలువులో పెట్టాలని తన కానీ తిరిగి తీసేసుకుంది. పాత సామాన్ల కొట్టుకి వెళ్లి ఇంకోటి అడిగాను. ఒక్కో చిల్లుకానీ యాభై రూపాయలట.