బరువు తక్కువ బిడ్డకు సీసానా, ఉగ్గుగిన్నెనా?

మా పెద్దది 3.2 కేజీలతో పుట్టింది, చిన్నోడు 2.1. ఇద్దరూ తిరుపతిలోనే. పుట్టినప్పుడు 2.5 కేజీల లోపుంటే తక్కువ బరువు కిందే లెక్క. "వీడి పళ్ళు నిలవవే, చూడు" అనేసింది మా అవ్వ.

అది గాలిమాటేం కాదు. పాలపళ్ళ మీది ఎనామిల్ పొర కడుపులో నాలుగో నెల నుంచే కడుతూ వస్తుంది. నెలలు నిండకుండానో బరువు తక్కువగానో పుట్టిన పిల్లల్లో ఆ పొర పలచగా, గరుకుగా ఉండడం ఎక్కువ. అలాంటిచోట పుప్పి తొందరగా పట్టుకుంటుంది. అయితే బరువు తక్కువైతే పళ్ళు పుచ్చి తీరతాయా అంటే, పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు.

మా ఇంట్లోనైతే ముందు పుచ్చింది 3.2 కేజీల దాని పళ్ళే! రాత్రిపూట చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టేదాన్ని. నిద్రలో ఉమ్మి ఊరేది తక్కువ, తీపిపాలు పళ్ళ మీదే నిలిచిపోతాయి. కింది ముందుపళ్ళను నాలుక కప్పుతుంది కాబట్టి అవి బతికిపోయాయి, పైవి నాలుగూ పోయాయి.

చిన్నోడికి మొదట్లో రొమ్ము పట్టి చీకే బలం లేదు. తల్లిపాలే పిండి, అవ్వ దాచిన వెండి ఉగ్గుగిన్నెతో పట్టాం. సీసాకున్న సుఖం దీనికి లేదు, ఒప్పుకుంటా. ఒళ్ళో నిటారుగా పట్టుకోవాలి, పెదవికి ఆనించి వాడు జుర్రుకునేదాకా కాచుకోవాలి, సగం పాలు మెడ మడతల్లోకి. కానీ గిన్నె నోట్లో పెట్టుకుని ఎవరూ నిద్రపోలేరు! సీసా పీకలో మాదిరి మురికి దాక్కునే సందూ లేదు. నా ఓటు గిన్నెకే. రొమ్ము పట్టడం వచ్చాక దాని పనీ అయిపోయింది.

పన్ను మొలిచాక తడిగుడ్డా, పేస్టా? గుడ్డ చాలదు. మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టు, రోజుకు రెండుసార్లు.

ఇప్పుడు నెలకోసారి వాకిట్లో వెలుతురుకు కూచోబెట్టి వాడి పైపెదవి ఎత్తి చూస్తా. చిగురు పక్కన సున్నం గీసినట్టు తెల్లచార కనబడితే పుప్పి మొదలైనట్టే. గుంట పడకముందే డాక్టరు దగ్గరికి పోతే ఫ్లోరైడ్ పూతతో ఆపే వీలుంది. పెద్దదానికి అవే చారలొస్తే, పాలమరకలనుకుని కొంగుతో తుడుస్తూ కూచున్నా.