రేంజికి వెళ్లే చెవులకు: మూడేళ్లుగా వాడుతున్న ఎలక్ట్రానిక్ మఫ్‌ల సంగతి

మూడేళ్లలో, తుపాకి మోత నుంచి చెవులను కాపాడే మఫ్‌లు మూడు కొన్నాను. మొదటిది చెత్తబుట్టలోకి పోయింది. రెండోదాన్ని మా అమ్మాయి లాగేసుకుంది. మూడోది ఆ రెండోదాని కవలే, ఇప్పుడు నా సంచిలో ఉంది. తుపాకి కాల్చడం సాధన చేసే రేంజిలో తెలుగువాళ్లు ఎవరు తగిలినా "ఏది కొనమంటారండీ?" అని అడుగుతుంటారు. చుట్టూ తుపాకులు పేలుతుండగా ఇంత కథా చెప్పలేక రాసి పెడుతున్నాను.

మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. నెలకు రెండుసార్లు ఇండోర్ రేంజికి వెళ్లి 9 ఎం.ఎం. పిస్తోలుతో ఒక పెట్టె, అంటే యాభై గుళ్లు కాలుస్తాను. అమ్మాయికి పద్నాలుగేళ్లు. 4-హెచ్ అనే పిల్లల క్లబ్బులో చేరి, శనివారాలు ఆరుబయట షాట్‌గన్‌తో ఎగిరే మట్టి బిళ్లలను పగలగొడుతుంది. నా సరదా మాత్రం గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో మొదలైంది. ఎన్‌సీసీ శిబిరంలో 25 గజాల నుంచి .22 రైఫిల్‌తో అయిదు గుళ్లు కాల్చాను. చెవుల రక్షణ మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. జేబులో దూది ఉన్నవాడు అదృష్టవంతుడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర గరిటెల చప్పుడు బావిలోంచి వస్తున్నట్టు వినిపించింది. అందరం నవ్వుకున్నాం.

ఆ నవ్వు ఇప్పుడు రావడం లేదు, మా నాన్నగారి వల్ల. ఆయన తణుకు దగ్గర ఒక రైసు మిల్లులో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా పనిచేశారు. ఆయనతో ఫోనులో మాట్లాడాలంటే నేను కారు షెడ్డులోకి వెళ్లి తలుపు వేసుకోవాలి. లేకపోతే నా కేకలకు పక్కింటివాళ్లు ఏమైందోనని వస్తారు. మిల్లు మోత ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కొరికి తిన్న వినికిడి అది. తుపాకి అంత ఓపికగా ఉండదు. ఒక్క క్షణపు పేలుడు శబ్దానికి 140 డెసిబెళ్లు హద్దు అంటారు. .22 రైఫిలే దాదాపు అక్కడికి చేరుతుంది. షాట్‌గన్ 150 దాటుతుంది, 9 ఎం.ఎం. పిస్తోలు 160 దరిదాపుల్లో ఉంటుంది. పైగా ఇండోర్ రేంజిలో ఆ శబ్దం పోయే దారి లేక గోడలకు కొట్టుకుని మళ్లీ మన మీదికే వస్తుంది.

మొదట్లో రేంజివాళ్లు అద్దెకిచ్చే మామూలు మఫ్ పెట్టుకునేవాణ్ణి. అది శబ్దాన్ని బాగానే ఆపేది. చిక్కల్లా మాటలనూ ఆపేయడమే. ఒకరోజు పర్యవేక్షకుడు నా వెనక నిలబడి ఏదో చెబుతున్నాడు. పెదవులు కదలడం కనిపిస్తోంది, మాట అందడం లేదు. మర్యాదకు కుడివైపు కప్పు రెండంగుళాలు పైకెత్తాను. సరిగ్గా అప్పుడే పక్క వరసలో ఎవరో పొట్టి గొట్టం రైఫిల్ పేల్చాడు. చెవిలో సూది గుచ్చినట్టయింది. ఆ పైన రెండు రోజులు జోరీగ చేరినట్టు ఒకటే రొద. ఇంతకూ ఆయన చెప్పబోయింది నా బూటు లేసు ఊడిందని.

ఎలక్ట్రానిక్ మఫ్ ఎందుకు అంటే నా జవాబు ఇదే. మామూలు మఫ్ కంటే అది శబ్దాన్ని ఎక్కువ ఆపుతుందని కాదు. మాట వినిపిస్తుంది కాబట్టి దాన్ని ఎత్తవలసిన పని రాదు. బయట ఉన్న చిన్న మైకులు చుట్టుపక్కల మాటలను పట్టి లోపలి స్పీకర్లకు పంపుతాయి. పేలుడు రాగానే ఆ పంపడం ఆగిపోతుంది, లేదా బాగా తగ్గిపోతుంది. అప్పుడు చెవిని కాపాడేది ప్లాస్టిక్ కప్పూ దాని మెత్తా మాత్రమే. సెల్లులు అయిపోయినా ఆ కాపాడటం పోదు.

ఈ ఆగడంలోనే అసలు తేడా ఉంది. అది నాకు మొదటి మఫ్ నేర్పింది. పేరు చెప్పను. పాతిక డాలర్లకు వస్తోందని ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఇంట్లో చప్పట్లు కొట్టి చూస్తే అద్భుతం. రేంజిలో మాత్రం ఎవరు ఎక్కడ పేల్చినా అరక్షణం పాటు లోపల అంతా చచ్చిపోయేది. శనివారం మధ్యాహ్నం పన్నెండు వరసలూ నిండి ఉంటే పేలుడు లేని అరక్షణం ఎక్కడ దొరుకుతుంది? "కాల్పులు ఆపండి" అన్న కేక నాకు "కా... ఆ... డి" అని ముక్కలు ముక్కలుగా చేరింది. అందరూ పిస్తోళ్లు కింద పెట్టాక కూడా నేను గురి చూస్తూ నిలబడ్డాను. పర్యవేక్షకుడు వచ్చి భుజం తట్టాడు. అంత సిగ్గుపడిన సందర్భం ఈ మధ్య మరొకటి లేదు. దానికి తోడు ఏమీ పేలనప్పుడు కూడా లోపల నూనె కాగుతున్నట్టు సన్నటి సుయ్‌మనే శబ్దం. వారంలో బుట్ట దాఖలైంది.

ఆ తరువాత కొన్నది హనీవెల్ వారి హోవర్డ్ లైట్ ఇంపాక్ట్ స్పోర్ట్. నేను కొన్నప్పుడు యాభై డాలర్లు దాటింది. దీని లెక్క సూటిగా ఉంటుంది. బయటి శబ్దం 82 డెసిబెళ్లు చేరే వరకు పెంచి వినిపిస్తుంది, అది దాటగానే పెంచడం మానేస్తుంది. పేలుడు ముగిసీ ముగియగానే మాట మళ్లీ అందుకుంటుంది. వాక్యం నడుమ ఒక అక్షరం మసకబారుతుంది, అంతే. రెండు కప్పులకూ వేరు వేరు మైకులు ఉన్నందువల్ల పిలిచింది ఎడమ పక్కనుంచో కుడి పక్కనుంచో తెలుస్తుంది. ఒకే మీట: తిప్పితే వెలుగుతుంది, ఇంకా తిప్పితే శబ్దం పెరుగుతుంది. ఆపడం మరిచిపోతే నాలుగు గంటలకు తానే ఆగిపోతుంది. నాలాంటి మతిమరుపు మనిషికి ఇది చిన్న సుగుణం కాదు.

ఇక డబ్బా మీది అంకె. అమెరికాలో అమ్మే ప్రతి చెవి రక్షణ సాధనం మీదా ఎన్‌ఆర్‌ఆర్ అని, అది శబ్దాన్ని ఎన్ని డెసిబెళ్లు తగ్గిస్తుందో చెప్పే ఒక సంఖ్య ఉంటుంది. ఇంపాక్ట్ స్పోర్ట్‌కు అది 22. వాకర్స్ రేజర్ స్లిమ్ అనే మరో ఎలక్ట్రానిక్ మఫ్‌కు 23. ఆ ఒక్క అంకె కోసం కొట్లో పది నిమిషాలు తర్జనభర్జన పడే వాళ్లను చూశాను. ఆ అంకె ప్రయోగశాలలో, సరిగ్గా అమర్చుకున్న మనుషుల మీద తీసింది. మనం పెట్టుకునే తీరుకు అంత రాదు. అందుకే మఫ్‌ల అంకెలో పాతిక శాతం, చెవిలో కుక్కుకునే నురగ ప్లగ్‌ల అంకెలో సగం కోసేసి చూసుకోమని అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సలహా. అలా కోస్తే నా 22 కాస్తా పదహారున్నర అవుతుంది. 160లోంచి దాన్ని తీసేసి చూడండి, 140 కిందికి రాదు. పేలుళ్లకు ఈ తీసివేత ముతక లెక్కే, అయినా ఇండోర్‌లో ఒట్టి మఫ్‌ను నమ్ముకోకపోవడానికి నాకు అది చాలు. ఇండియాలోని బంధువులకు మరో మాట: అక్కడి సైట్లలో చాలావాటికి ఎస్‌ఎన్‌ఆర్ అనే యూరప్ అంకె వేస్తారు. అది సాధారణంగా పెద్దగా కనిపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

కాబట్టి ఇండోర్‌లో నేను లోపల నురగ ప్లగ్, పైన మఫ్ పెట్టుకుంటాను. 33 ప్లగ్‌కు 22 మఫ్ కలిపితే 55 అవుతుందని ఆశపడవద్దు. పెద్ద అంకెకు ఇంకో 5 కలుస్తుందనుకోవాలి. కొంత శబ్దం పుర్రె ఎముకల గుండా కూడా లోపలికి పోతుంది మరి. ఆ 5 కూడా ప్లగ్ సరిగా దిగితేనే. దీపానికి వత్తి చేసినట్టు ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా, మడతలు పడకుండా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి పట్టుకుని, వత్తిని లోపలికి తోసి, అది ఉబ్బే దాకా వేలితో అలాగే అదిమి ఉంచాలి. సగం ప్లగ్ చెవి బయట పుట్టగొడుగులా నిలబడి ఉందంటే అది అలంకారమే. ఇక్కడే ఎలక్ట్రానిక్ మఫ్ రెండోసారి తన డబ్బు రాబట్టుకుంటుంది. లోపల ప్లగ్ ఉన్నా మఫ్ శబ్దం పెంచుకుంటే మాటలు వినిపిస్తాయి. మామూలు మఫ్‌తో ఈ జోడింపు చేస్తే సముద్రం అడుగున ఉన్నట్టే.

కళ్లద్దాల సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష అబద్ధం అవుతుంది. నా చదువు అద్దాలకు లావుపాటి ప్లాస్టిక్ కాడలు ఉండేవి. మెత్త వాటి మీదికి ఎక్కి, కాడకు ముందూ వెనకా సన్నని సందు మిగిలేది. చిటికెన వేలి గోరు పట్టేంత. ఒకరోజు కాలుస్తూ కాలుస్తూ కప్పును అరచేత్తో తలకు అదిమాను. పక్క వరసలోని పేలుడు ఒక్కసారిగా దూరం జరిగింది. వదిలాను, దగ్గరికి వచ్చింది. అన్నాళ్లూ ఆ గోరంత సందులోంచి ఎంత దూరిందో అప్పుడు తెలిసింది. సన్న లోహపు కాడల అద్దాలు వేరే చేయించుకున్నాను. ఏ మఫ్ కొన్నా ముందు మీ అద్దాలతోనే పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి, దవడ ఆడించి చూడండి. జుట్టు మెత్త కిందికి రాకూడదు, టోపీ అంచూ రాకూడదు. విడిగా అమ్మే జెల్ మెత్తలు అద్దాలవాళ్లకు మేలు.

అమ్మాయి అవసరం వేరు. షాట్‌గన్ వెనక కర్రను భుజానికి ఆనించి, చెంపను దాని మీద వాల్చి కాల్చాలి. బొద్దు కప్పులైతే కర్ర వాటిని తాకి పైకి నెట్టేస్తుంది, ట్రిగ్గర్ నొక్కే క్షణానికి చెవి తెరుచుకుంటుంది. కప్పుల అడుగు పలచగా ఉండటం వల్లనే నా ఇంపాక్ట్ స్పోర్ట్ ఆమె వశమైంది. "నాన్నా, వెనక కోచ్ గుసగుసలాడినా వినిపిస్తోంది" అంది మొదటి రోజే. ఆ గుసగుస తన గురించే అట, మోచెయ్యి దించుతోందని. ఆరుబయట గాలి వీచే రోజు మైకుల్లో బుసబుసలు వస్తాయి. అలాంటప్పుడు శబ్దం కాస్త తగ్గించుకుంటుంది.

ఇంతకంటే ఖరీదైనవి లేవా అంటే ఉన్నాయి. సార్డిన్ సుప్రీమ్ ప్రో-ఎక్స్‌ను ఒక మిత్రుడి దగ్గర అరగంట పెట్టుకుని చూశాను. జెల్ మెత్తలు, నీటికి తట్టుకునే తయారీ, మాట పక్కన కూర్చుని చెప్పినంత సహజంగా ఉంది. అయినా దాని ఎన్‌ఆర్‌ఆర్ 18 మాత్రమే. వానలో వేటకు వెళ్లేవారికి ఆ డబ్బు దండగ కాదు. నెలకు వంద గుళ్లు కాల్చే నాకు దండగే. పెల్టర్ స్పోర్ట్ టాక్టికల్ 500కు ఎన్‌ఆర్‌ఆర్ 26, బ్లూటూత్ కూడా ఉంది. చేతిలో గుండు నింపిన పిస్తోలు ఉన్నప్పుడు చెవిలో మా అత్తగారి ఫోను మోగడం నాకు అక్కర్లేదు. చెవి లోపల పెట్టుకునే ఎలక్ట్రానిక్ ప్లగ్‌లు వేసవిలో హాయి అంటారు, నా చెవుల్లో నిలవలేదు.

నిర్వహణలో నేను చేసిన తప్పు ఒక్కటే. టెక్సస్ జూలై ఎండలో మఫ్‌ను కారులో నెల రోజులు వదిలేశాను. లోపలి రెండు ట్రిపుల్ ఏ సెల్లులూ కారి, తీగచుట్టల మీద తెల్లటి ఉప్పు పేరుకుంది. వెనిగర్‌లో ముంచిన దూది పుల్లతో తుడిస్తే మళ్లీ పలికింది. అప్పటి నుంచి ఇంటికి రాగానే సెల్లులు తీసేస్తున్నాను.

కిందటి చలికాలం నాన్నగారు వచ్చినప్పుడు సోఫా మీద ఉన్న మఫ్‌ను ఎత్తి చూసి, పెట్టుకుని, మీట తిప్పారు. ఇది వినికిడి యంత్రం కాదని, ఆయనను డాక్టరుకు చూపించే ఏర్పాటు విడిగా చేశానని ముందే చెబుతున్నాను. వంటింట్లో మా ఆవిడ పులిహోరకు పోపు పెడుతోంది. ఆయన తల అటు తిప్పి, "ఆవాలు చిటపటలాడుతున్నాయిరా" అన్నారు. కాసేపు అలాగే కూర్చున్నారు. తరువాత ధర అడిగారు. చెప్పాను. పెదవులు కదుపుతూ రూపాయల్లోకి మార్చుకుని, మఫ్ తీసి, రెండు చేతులతో జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు.