ఆన్‌లైన్‌లో ఊలు కొనేవారికి హెచ్చరిక: లేబుల్ మీద ఉన్న ఊలు ఉండలో లేదు

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో సరదాగా ఊలు అల్లుకునేవారిలో చాలామంది ఇప్పుడు సామాజిక మాధ్యమాల్లో పేజీ పెట్టి, వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకొని, కొరియర్‌లో సరుకు పంపే అమ్మకందారుల మీదే ఆధారపడుతున్నారు. మన దగ్గర చలికాలం చిన్నది కనుక ఇక్కడి దుకాణదారులు ఊలు ఎక్కువగా తెచ్చి పెట్టుకోరు. తెచ్చినా నాలుగైదు ముదురు రంగులకు మించి దొరకవు, పసిపిల్లలకు పనికివచ్చే మెత్తని రకం కావాలంటే హైదరాబాద్‌కు పోవాలి. ఈ అవసరాన్నే ఆసరా చేసుకొని, "వంద శాతం మెరినో ఊలు, పసిపిల్లలకు ప్రత్యేకం" అని ప్రకటించి, అదేమీ కాని సరుకును అంటగడుతున్న ఒక పేజీ దగ్గర నేను కొన్న ఊలు గురించి, ఆ ఊలుతో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన అల్లికల గురించి, ఇంకొకరు అదే నష్టానికి లోనుకాకూడదని ఇది రాస్తున్నాను.

మా అన్నయ్య కొడుకు తొట్టెల వేడుకకు మేనత్తగా చేత్తో అల్లిన స్వెట్టర్, టోపీ, సాక్సులు, చిన్న దుప్పటి పెట్టాలని నిమ్మపండు రంగు ఊలు తెప్పించాను. దానితోపాటు బాపుకు నిండు చేతుల స్వెట్టర్ కోసం మెరూన్ రంగువి పది ఉండలు, దాని బోర్డర్‌కు మీగడ రంగువి రెండు ఉండలు తీసుకున్నాను. ఒక్కో ఉండ 50 గ్రాములని లేబుల్ మీద ఉంది. మామూలు అక్రిలిక్ (గొర్రె ఉన్ని కాదు, కృత్రిమ పోగు) ఊలు ధరకు మూడింతలు పైనే చెల్లించాను. మెరినో అంటే ఆ పేరుగల జాతి గొర్రె ఉన్ని, సన్నని పోగు, ఒంటికి గుచ్చుకోదు, పసిబిడ్డ చర్మానికి ఇబ్బంది ఉండదు అన్న ఒక్క కారణంతోనే ఆ ధరకు ఒప్పుకున్నాను.

మొదట బయటపడినది తూకం. బాపు స్వెట్టర్ వీపు భాగం పూర్తయ్యేసరికే ఉండలు లెక్కకు మించి కరిగిపోతుండటంతో, మిగిలినవాటిని తెలిసినవారి కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూస్తే ఒక్కటీ 43 గ్రాములు దాటలేదు, ఒకటైతే 41 దగ్గరే ఆగింది. గాలిలో తేమను బట్టి ఊలు బరువు కొద్దిగా పెరగడం, తగ్గడం సహజమే. 50 గ్రాముల వరకు ఉండే పొట్లాలకు 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికల నియమాలు 9 శాతం వరకు తేడాను సహిస్తాయి, అంటే నాలుగున్నర గ్రాములు. ఇక్కడ తేడా ఆ హద్దును దాటింది, అదీ ప్రతి ఉండలోనూ ఒకే వైపుకు. పది ఉండల మీద లెక్క కడితే దాదాపు ఉండన్నర ఊలు తక్కువ, అంటే స్వెట్టర్‌లో ఒక చేతికి చాలేంత ఊలు రానే లేదన్నమాట.

రెండవది రంగు. ఊలును మిల్లులో ఒక్కో దఫా ఒక్కో తొట్టిలో అద్దుతారు. అదే రంగు, అదే కొలత వేసినా ఒక దఫాకూ మరొక దఫాకూ కొద్దిపాటి తేడా వస్తుంది, అందుకే నిజాయితీగల తయారీదారులు ప్రతి ఉండ లేబుల్ మీద లాట్ నంబరు ముద్రిస్తారు. నాకు వచ్చిన ఉండల మీద లాట్ నంబరు అన్న మాటే లేదు. రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద అల్లుతున్నప్పుడు ఏ తేడా కనబడని ముందు భాగాన్ని పగలు డాబా మీద ఎండలో పరిస్తే, సరిగ్గా చంక కింద, కొత్త ఉండ కలిపిన వరుస దగ్గర, స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా గీత కనిపించింది. ఆ గీతకు కింద వంకాయ రంగు ఛాయ, పైన ఇటుక రంగు ఛాయ. నాలుగు ఉండలు ఒక రకం, తక్కినవి ఇంకో రకమని పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోయింది.

మూడవది, అన్నిటికంటే పెద్ద మోసం, అసలు అది ఊలే కాకపోవడం. జానెడు పోగు తెంపి, పటకారుతో పట్టుకొని, పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకొని, మంటకు చూపించాను. నిజమైన ఊలు మంటకు ముడుచుకుపోతూ నెమ్మదిగా కాలుతుంది, వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, మంట తీసేస్తే తనంతట తానే ఆరిపోతుంది, మిగిలిన మసి వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. ఈ పోగు భగ్గున అంటుకొని, కరుగుతూ బొట్టుగా జారి, ఘాటైన వాసనతో కాలి, చివర నల్లని గట్టి పూసగా మిగిలింది; చల్లారిన తరువాత ఆ పూస గోటితో నొక్కినా చితకలేదు. అది అక్రిలిక్ లక్షణం. ఊలు, అక్రిలిక్ కలిపి వడికిన పోగైతే వెంట్రుకల వాసనా వస్తుంది, పూసా మిగులుతుంది. ఇందులో ఆ వాసన లేశమైనా లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అక్రిలిక్ చెడ్డదని నేను అనడం లేదు. చవకైనది, ఉతకడం సులువు, పురుగు పట్టదు, ప్రతి చలికాలం నేనే ఎన్నో మఫ్లర్లు దానితో అల్లి పంచిపెట్టాను. అయితే అది చెమటను పీల్చుకోదు, మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది, వేడి ఇస్త్రీ పెడితే సాగిపోయి మళ్లీ ఆకారానికి రాదు. పసిబిడ్డకు ఏ పోగు తొడగాలో నిర్ణయించుకునే హక్కు కొనేవారిది. అక్రిలిక్‌ను అక్రిలిక్ ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పాలమూరు వైపు గొంగళ్లు నేసే కురుమ కుటుంబాల్లో పుట్టిన పెద్దమ్మ ఒకామె మా వీధిలో ఉంటుంది. ఉండను చేతిలోకి తీసుకొని రెండు వేళ్లతో పోగు పురి విప్పి, "ఇది గొర్రె మీదికెల్లి వచ్చింది కాదు బిడ్డా" అని మంట కూడా అవసరం లేకుండానే చెప్పేసింది. మన దక్కనీ గొర్రె ఉన్ని ముతక, గొంగడికి బలం ఇస్తుంది కానీ పసిపిల్లల బట్టలకు పనికిరాదు. అందుకే మెరినో పేరు చెబితే మనం డబ్బుకు వెనుకాడం. ఆ అమ్మకందారు ఆడుకుంటున్నది కూడా సరిగ్గా ఈ మాటతోనే.

ఫిర్యాదు చేసినప్పుడు వచ్చిన జవాబులను యథాతథంగా రాస్తున్నాను, ఎందుకంటే మీకూ ఇవే వస్తాయి. లాట్ గురించి అడిగితే, "లాట్ ఏందక్కా, అన్నీ మెరూనే కదా" అన్నారు. తూకం గురించి అడిగితే, "మిల్లు నుంచి అట్లనే వస్తది, మేం తూకం వేయం" అన్నారు. కాల్చి చూసిన వీడియో పంపితే, "లేబుల్ చింపితే రిటర్న్ లేదని పేజీలో రాసినం, చూడండి అక్కా" అని జవాబు వచ్చింది. లేబుల్ తీయకుండా, ఉండ విప్పకుండా, నాలుగు వరుసలు అల్లకుండా ఊలులో లోపం తెలుసుకునే దారి లేదు. తెలుసుకున్న వెంటనే వెనక్కి ఇచ్చే అర్హత పోతుంది. ఆ షరతును అలా అల్లి పెట్టినవారికి అల్లిక పని బాగానే తెలిసి ఉండాలి.

దీనికి తోడు వారు ఇంకొక సలహా ఇచ్చారు: సగం అల్లిన ముక్కను తమకు కొరియర్ చేస్తే రంగు సరిచూసి దానికి కలిసే ఊలు పంపుతామని. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. మిర్యాలగూడలో ఉండే నా పరిచయస్తురాలు ఒకరు తన కూతురి కోసం అల్లుతున్న కార్డిగన్‌ను, వీపు, ఒక చేయి పూర్తయినదాన్ని, అలాగే పంపితే ముక్కా తిరిగి రాలేదు, ఊలూ రాలేదు, చివరకు ఆమె నంబరునే బ్లాక్ చేశారు. రంగు కలపడానికి జానెడు పోగు చాలు. అల్లిన ముక్కను ఎవరికీ పంపాల్సిన అవసరం లేదు.

చట్టం విషయం చాలామందికి తెలియదు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. ప్యాకెట్టులో అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, నికర తూకం, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదుకు సంప్రదించవలసిన వివరాలు ఉండాలని పైన చెప్పిన 2011 నియమాలే చెబుతున్నాయి. నాకు వచ్చిన లేబుల్ మీద గొర్రె బొమ్మ, "ప్యూర్" అన్న మాట, 50 గ్రాములన్న అంకె తప్ప మరేమీ లేవు. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. "లేబుల్ చింపితే రిటర్న్ లేదు" అని పేజీలో రాసుకున్నంత మాత్రాన అది చెల్లిపోదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. వీరు బిల్లు ఇవ్వరు, పైగా యూపీఐలో డబ్బు వెళ్లే ఖాతా పేజీ పేరు మీద కాక ఎవరో వ్యక్తి పేరు మీద ఉంటుంది. డబ్బు పంపే ముందు తెర మీద కనిపించే ఆ పేరును ఫోటో తీసి పెట్టుకోండి, తరువాత అదే మీకు ఆధారం.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకొని సంఖ్య ఇస్తారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అమ్మినవారు ఏ రాష్ట్రంలో ఉన్నా, కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకునే వీలు 2019 చట్టం కల్పించింది, కాబట్టి నల్గొండవారు నల్గొండలోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, గడువు రెండు సంవత్సరాలు. ఊలు ఉండల కోసం కమిషన్ దాకా ఎందుకని ఇంట్లోవారు నవ్వారు. నేను మాత్రం కాగితాలన్నీ సిద్ధం చేస్తున్నాను.

ఇప్పటికే ఇటువంటి ఊలుతో పని మొదలుపెట్టి ఉంటే విప్పి పారేయవలసిన పని లేదు. రెండు లాట్ల ఉండలు మిగిలి ఉంటే, రెండు వరుసలు ఒక ఉండతో, రెండు వరుసలు మరొక ఉండతో మార్చి మార్చి అల్లితే తేడా గీతగా తేలకుండా బట్ట అంతటా కలిసిపోతుంది. ఇప్పటికే గీత పడితే ఆ వరుస దాకా విప్పి, అక్కడ మీగడ రంగు పట్టీ ఒకటి వేస్తే డిజైన్‌లా అనిపిస్తుంది. బాపు స్వెట్టర్‌ను నేను అలాగే సరిచేస్తున్నాను, చేతులకు చాలదు కనుక అది హాఫ్ స్వెట్టర్ అవుతుంది. ముదురు రంగు, లేత రంగు కలిపి అల్లే ముందు ముదురు పోగును తడిపి తెల్లగుడ్డలో గట్టిగా పిండి చూడండి, నా మెరూన్ పోగు గుడ్డకు గులాబీ మరక వదిలింది. పసిబిడ్డకని మొదలుపెట్టినవి మాత్రం ఆపేశాను. సూదుల మీద సగంలో ఉన్న ఆ నిమ్మపండు రంగు దుప్పటిని కారు సీటు మీద పరచడానికి పూర్తి చేస్తాను, తొట్టెలకు హైదరాబాద్ నుంచి వదిన వాళ్ల అమ్మగారు చూసి, తాకి, బిల్లుతో తెచ్చిన ఊలుతో టోపీ, సాక్సులు మాత్రం అల్లాను.

ఆ పేజీ పేరు ఈమధ్య మారింది. పేరు చెప్పడం లేదు, చెప్పినా రేపు మరొకటి పెడతారు కనుక ఉపయోగం ఉండదు. గుర్తుపట్టడానికి ఇవి చాలు: లేబుల్ మీద చిరునామా, లాట్ నంబరు లేకుండా కేవలం గొర్రె బొమ్మ ఉంటుంది, మెరినో అని ధర మూడింతలు చెబుతారు, విడి ఉండ అడిగితే ఇవ్వక మొత్తం పది ఉండలకు తక్కువైతే అమ్మం అంటారు, నమూనాకు జానెడు పోగు పంపమంటే ఏదో ఒక సాకు చెబుతారు. పోగు పంపడానికి వెనుకాడినవారి దగ్గర కొనకండి.